మొక్కకి కూడా ఉక్కపోస్తుంది

మా లెట్యూస్ చచ్చిపోయిన రోజు మా డ్యాష్‌బోర్డ్ మొత్తం పచ్చగానే ఉంది.

జోక్ కాదు. మినీ ప్రాజెక్ట్ మూడో రివ్యూ. ప్రొజెక్టర్ మీద మా వెబ్ పేజీ తెరిచాం. టెంపరేచర్ గ్రీన్, హ్యుమిడిటీ గ్రీన్, పీహెచ్ గ్రీన్, లైట్ ఆన్. ప్యానెల్‌లో ఒక సార్ గ్రాఫ్‌లు బావున్నాయి అన్నారు. ఇంకొకరు డేటాబేస్ ఎందుకు ఇది వాడారు, అది వాడొచ్చు కదా అని అడిగారు, మావాడు ప్రిపేర్ అయిన ఆన్సర్ చెప్పేశాడు. మార్కులు వచ్చాయి. క్యాబినెట్ పక్కనే ఉంది కానీ తలుపు తీయమని ఎవరూ అడగలేదు, తీసి చూపించే ధైర్యం మాకూ లేదు. ఎందుకంటే లోపల ఆరు మొక్కల్లో నాలుగు కుళ్ళిపోయాయి. లేత ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగులోకి తిరిగాయి, కింది ఆకుల మీద తెల్లటి బూజు, టబ్ మూత ఎత్తితే వేళ్ళ నుంచి మురుగు వాసన.

ఈ వ్యాసం అందుకే. ఒకటి, ఆ రోజు చెప్పనిది ఇక్కడ ఒప్పుకోవడం. రెండు, ఈ ఏడాది మన కాలేజీలో "స్మార్ట్ హైడ్రోపోనిక్స్" టైటిల్‌తో ప్రాజెక్ట్ పెట్టబోయే జూనియర్స్‌కి ఒక మాట చెప్పడం. ముందు గాలి సంగతి తేల్చుకోండి. గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో కాగితం మీద గీయకుండా ఒక్క లైను కోడ్ కూడా రాయొద్దు. (నేను ఇంగ్లీష్ మీడియం బాపతు. ఒత్తులు తప్పితే ఎడిటర్లు చూసుకుంటారని ధైర్యం.)

మా క్యాబినెట్ అంటే పెద్దగా ఏమీ లేదు. పాత చెక్క అల్మారా. అడుగు 60 సెంటీమీటర్లు బై 60, ఎత్తు 120. లోపల అల్యూమినియం ఫాయిల్ అంటించాం, పైన 60 వాట్ల ఎల్‌ఈడీ ప్యానెల్, కింద మూత ఉన్న నీళ్ళ టబ్, టబ్‌లో చేపల తొట్టికి వాడే ఎయిర్ పంపు. మట్టి ఉండదు, పోషకాలు కలిపిన నీళ్ళలోనే వేళ్ళు. ఒక చిన్న ఫ్యాన్ కూడా పెట్టాం. కానీ అది లోపలే పెట్టాం. అల్మారాకి ఒక్క రంధ్రం కూడా లేదు. "లైట్ లీక్ అవ్వకూడదు బ్రో" అని తలుపు సందుల్లో ఫోమ్ టేప్ కూడా వేశాం. అంటే ఉన్న గాలినే ఆ ఫ్యాన్ రోజంతా గిరగిరా తిప్పుతూ ఉంది.

కోడ్‌లో ఏం రాశామంటే, టెంపరేచర్ 32 దాటితే ఫ్యాన్ ఆన్, 30కి దిగితే ఆఫ్. ఆన్‌కీ ఆఫ్‌కీ మధ్య రెండు డిగ్రీల గ్యాప్ ఇచ్చినందుకు, రిలే టకటకా కొట్టుకోకుండా చూసినందుకు మమ్మల్ని మేమే మెచ్చుకున్నాం. ఈ లాజిక్‌లో ఏం తప్పుందో కింద చెప్తాను.

అసలు సంగతి పట్టుకున్నది మా తాతయ్య. మాది కొండపి వైపు పల్లెటూరు, ప్రకాశం జిల్లా. తాతయ్య పొగాకు రైతు. వీడియో కాల్‌లో గొప్పగా క్యాబినెట్ చూపిస్తుంటే, యాప్ గురించీ సెన్సర్ గురించీ ఏమీ అడక్కుండా ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "గాలి యాడ నుంచి వస్తది రా, యాటికి పోద్ది?"

రెండు రివ్యూలు అయిపోయాయి అప్పటికి. ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. మేం కూడా మమ్మల్ని అడుక్కోలేదు. నాకు ఆన్సర్ లేదు. "లోపల ఫ్యాన్ ఉంది తాతయ్యా" అన్నాను. "ఫ్యానుంటే ఏం నాయనా, ఉక్క పడతది" అన్నాడు.

పొగాకు బ్యారన్ చూడని వాళ్ళకి రెండు ముక్కలు. అది ఎత్తుగా ఉండే ఒక గది. పచ్చి ఆకుని కర్రలకి కట్టి వరసలుగా వేలాడదీస్తారు. బయట పొయ్యిలో కట్టెలు పెడితే ఆ వేడి లోపల ఇనప గొట్టాల్లోంచి తిరుగుతుంది. గదికి కింద వెంటిలేటర్లు, పైన వెంటిలేటర్లు ఉంటాయి. మొదట ఆకు పసుపు తిరిగేదాకా వాటిని మూసి ఉంచాలి, తేమ లోపలే ఉండాలి. తర్వాత కొంచెం కొంచెంగా తెరుస్తూ పోవాలి. తొందరపడి తెరిస్తే ఆకు పచ్చగానే ఎండిపోతుంది. ఆలస్యం చేస్తే తేమ బయటికి పోక నల్లబడుతుంది. రెండింట్లో ఏది జరిగినా ఆ ఆకుకి రేటు ఉండదు. అంటే మా తాతయ్య నలభై ఏళ్ళ నుంచి చేస్తున్నది టెంపరేచర్, హ్యుమిడిటీ కంట్రోల్. అదీ నిద్ర మానుకుని, చేత్తో ఆకుని తడిమి చూసి. ఆయన అడిగిన ప్రశ్న ఊరికే అడిగింది కాదు.

ఆ "ఉక్క" అనే మాట నన్ను ఆ రాత్రి పడుకోనివ్వలేదు. మన తెలుగు క్లబ్ పత్రిక కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. నేను చదివిన ఇంగ్లీష్ గైడ్స్ అన్నిటిలో వీపీడీ అనే మాట ఉంది. వేపర్ ప్రెషర్ డెఫిసిట్. ఫార్ములా బట్టీ పట్టాను కానీ అది ఏంటో ఒంటికి ఎక్కలేదు. ఉక్క అంటే మాత్రం ఎక్కుతుంది కదా. మే నెలలో వాన పడే ముందు సాయంత్రం. చెమట పడుతుంది కానీ ఆరదు. టెంపరేచర్ ఒక్కటే చూస్తే మధ్యాహ్నం కన్నా తక్కువే ఉంటుంది, అయినా ప్రాణం పోతున్నట్టు ఉంటుంది. ఎందుకంటే గాలి అప్పటికే నీటి ఆవిరితో నిండిపోయింది, మన చెమట తీసుకోవడానికి దానిలో చోటు లేదు, పైగా అది కదలడం లేదు. వేడి, తేమ, కదలని గాలి, మూడూ కలిసిన పరిస్థితికి మనకి ఒకే మాట ఉంది. ఆ మాట ఇంట్లో రోజూ వింటూ పెరిగి, దాన్ని గూగుల్‌లో మూడు ఇంగ్లీష్ పదాలుగా వెతికాను నేను.

మొక్కకి చెమట లాంటిదే ట్రాన్స్‌పిరేషన్. ఆకుల మీద చిన్న చిన్న రంధ్రాల్లోంచి నీరు ఆవిరై పోతుంటే, ఆ లాగుడుకి కింద వేళ్ళ నుంచి నీళ్ళు పైకి వస్తాయి. ఆ నీళ్ళతోపాటే కాల్షియం వస్తుంది. ఆకు చుట్టూ ఉన్న గాలి నిండిపోయి, కదలకుండా ఉంటే ఈ లాగుడు ఆగిపోతుంది. లెట్యూస్ మధ్యలో ముడుచుకుని ఉండే లేత ఆకులకి అసలే గాలి తగలదు, వాటికి కాల్షియం అందక అంచులు చచ్చిపోతాయి. దీన్ని టిప్‌బర్న్ అంటారు. మేం అంచులు మాడిపోవడం చూసి నీళ్ళలో కాల్షియం తక్కువైందనుకుని ఇంకా కలిపాం! నీళ్ళలో కావల్సినంత ఉంది. పైకి తీసుకెళ్ళే దారే లేదు.

ఉత్త హ్యుమిడిటీ పర్సంటేజ్ చూస్తే ఇది తెలియదు. 70 శాతం అంటే 20 డిగ్రీల దగ్గర వీపీడీ సుమారు 0.7 కిలోపాస్కల్. అదే 70 శాతం 32 డిగ్రీల దగ్గర సుమారు 1.4. అంటే గాలికి దాహం రెట్టింపు. చాలా గైడ్స్ ఆకుకూరలకి 0.8 నుంచి 1.2 మధ్య ఉంచమంటాయి. మరి మా డ్యాష్‌బోర్డ్ ఏం చేసింది? హ్యుమిడిటీ 90 దగ్గర గీత గీసినట్టు నిలబడి ఉంటే "స్టేబుల్" అని గ్రీన్ ఇచ్చింది. ఆ రూల్ రాసింది నేనే. మేం వాడిన డీహెచ్‌టీ 11 సెన్సర్ కొలత పరిధి 90 శాతం దగ్గర ఆగిపోతుందని డేటాషీట్‌లోనే ఉంది. డేటాషీట్ ఎవడు చదివాడు, వైరింగ్ బొమ్మ చూసి కనెక్ట్ చేసేశాం.

ఇప్పుడు రాత్రి సంగతి. లైట్ ఆగిపోతుంది, టెంపరేచర్ 30 కన్నా కిందకి వస్తుంది, మా తెలివైన కోడ్ ఫ్యాన్ ఆపేస్తుంది. కానీ పగలంతా మొక్కలు వదిలిన ఆవిరి ఆ పెట్టెలోనే ఉంది. 33 డిగ్రీల దగ్గర 70 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీలకి దిగితే చాలు, మోయలేక నీళ్ళు కక్కేస్తుంది. పొద్దున తలుపు తీస్తే ఫాయిల్ మీద చుక్కలు చుక్కలుగా నీళ్ళు ఉండేవి. ఆకుల మీద కూడా. "మొక్కలు ఫ్రెష్‌గా ఉన్నాయి" అని ఫోటో తీసి స్టేటస్ పెట్టాం. బూజుకి అంతకన్నా మంచి ఇల్లు ఉండదని తర్వాత తెలిసింది. ఫ్యాన్ ఎక్కువ అవసరం పగలు మాత్రమే కాదు, లైట్ ఆరిన తర్వాత గంటల్లో కూడా. స్పీడ్ తగ్గించొచ్చు, ఆపకూడదు.

ఇది మా ఒక్కరి తెలివితక్కువతనం అనుకోకండి. అంతరిక్షంలో ఐఎస్ఎస్ మీద నాసా వాళ్ళకి వెజీ అని ఒక చిన్న మొక్కల ఛాంబర్ ఉంది, 2014లో పెట్టారు. 2015 చివర్లో అందులో జిన్నియా పూల మొక్కలు పెంచుతుంటే ఆకుల మీద నీళ్ళు చేరి బూజు పట్టింది. ఫ్యాన్ తక్కువ స్పీడ్‌లో ఉండి తేమ పోలేదు. ఫ్యాన్ పెంచారు. తర్వాత అవి మరీ ఎండిపోవడం మొదలుపెట్టాయి. అప్పుడు ఆస్ట్రోనాట్ స్కాట్ కెల్లీ దగ్గరుండి చూసుకుంటే 2016 జనవరిలో పూశాయి. అంత పెద్ద సంస్థకి కూడా తలనొప్పి ఫ్యాన్ దగ్గరే వచ్చింది. అక్కడ వేడి గాలి దానంతటది పైకి లేవదు కూడా, కాబట్టి వాళ్ళకి ఇంకా కష్టం. మనకి భూమి మీద ఆ సాయం ఫ్రీగా ఉంది. మేం దానికీ ఫోమ్ టేప్ వేశాం.

సరే, ఎంత గాలి కావాలి? ఇంటర్నెట్‌లో అందరూ చెప్పే రూల్ ఏంటంటే, క్యాబినెట్‌లో ఉన్న గాలి నిమిషానికి ఒకసారి మారాలి. మా అల్మారా వాల్యూమ్ 0.43 ఘనపు మీటర్లు, అంటే గంటకి 26. చాలా చిన్న ఫ్యాన్ సరిపోతుంది. కానీ ఈ రూల్ లోపల ఎన్ని వాట్ల లైట్ ఉందో అడగదు! ఎల్‌ఈడీ చల్లగా ఉంటుంది అనేది అపోహ. అది తాగే కరెంటు దాదాపు అంతా చివరికి ఆ పెట్టెలోనే వేడి అవుతుంది. ఒక ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 1200 జౌల్స్ కావాలి. 60 వాట్లకి, గంటకి 26 ఘనపు మీటర్లకి లెక్క వేయండి. లోపలి గాలి బయటి కన్నా దాదాపు 7 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. కొంత వేడి చెక్కలోంచి పోతుంది, కొంత నీళ్ళని ఆవిరి చేయడానికి పోతుంది, అందుకని నిజంగా ఇంతకన్నా కొంచెం తక్కువే ఉండొచ్చు. అయినా మార్చి నెలలో మా ల్యాబ్ 33 ఉంటే లోపల 40 దగ్గరికి పోయే లెక్క ఇది.

తేడా 3 డిగ్రీలే ఉండాలనుకుంటే లెక్క ఎంత అందంగా వస్తుందో చూడండి. లైట్ ఎన్ని వాట్లో, గంటకి అన్ని ఘనపు మీటర్ల గాలి. 60 వాట్లకి 60, 100 వాట్లకి 100. 3 డిగ్రీలని 1200తో గుణిస్తే 3600, గంటకి సెకన్లు కూడా 3600, రెండూ కొట్టుకుపోతాయి. ఇది నేనే కనిపెట్టానని రెండు రోజులు తిరిగాను, తర్వాత మెకానికల్ ఫ్రెండ్ "ఇది ఫస్ట్ ఇయర్ థర్మో రా" అన్నాడు. ఫ్యాన్ల మీద సీఎఫ్ఎం అని రాసి ఉంటుంది, దాన్ని 1.7తో గుణిస్తే గంటకి ఘనపు మీటర్లు. అయితే డబ్బా మీద రాసింది ఎదురుగా ఏ అడ్డూ లేనప్పటి నంబర్. దోమతెర, పైపు, వంపు పెడితే సగానికి పడిపోవడం మామూలే. అందుకే అవసరం కన్నా రెట్టింపు రేటింగ్ ఉన్నది కొని, స్పీడ్ తగ్గించి నడపడం మంచిది. చప్పుడు కూడా తక్కువ.

రంధ్రాలు ఎక్కడ పెట్టాలో సీఎస్ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మీ పీసీ క్యాబినెట్ గుర్తుచేసుకోండి. కింద ముందు నుంచి చల్లగాలి లోపలికి, పైన వెనక నుంచి వేడిగాలి బయటికి. బ్యారన్‌ది కూడా అదే డిజైన్. ఫ్యాన్‌ని పైన, బయటికి లాగేలా పెట్టాలి. కింద లోపలికి వచ్చే దారి ఫ్యాన్ రంధ్రం కన్నా పెద్దదిగా ఉండాలి, ఒకటిన్నర రెట్లు అనుకోండి. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ అయితే కింద కనీసం 170 చదరపు సెంటీమీటర్లు. దోమతెర వేస్తే ఇంకా పెంచాలి. రెండు దార్లూ ఎదురెదురు మూలల్లో ఉండాలి, లేకపోతే గాలి షార్ట్‌కట్‌లో పోయి మొక్కలని తాకదు. వెలుతురు బయటికి రాకుండా రంధ్రం ముందు నల్ల రేకు వంచి అడ్డం పెడితే చాలు, ఫోమ్ టేప్ అక్కర్లేదు. లోపల తిప్పే చిన్న ఫ్యాన్ కూడా ఉండాలి, ఆకులు మెల్లగా ఊగేంత. కానీ అది బయటికి లాగే ఫ్యాన్‌కి బదులు కాదు. ఆ తేడా తెలియకే మేం దెబ్బతిన్నాం. సెన్సర్‌ని లైట్ కింద నేరుగా వేలాడదీయొద్దు, నీడలో ఆకుల ఎత్తులో పెట్టండి.

గాలికి ఇంకో పని కూడా ఉంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పీపీఎం. మూసిన పెట్టెలో లైట్ వేస్తే మొక్కలు దాన్ని తినేస్తాయి, కొత్త గాలి రాకపోతే తిండి ఆగిపోయినట్టే. ఎరువుల గురించి ఇరవై ట్యాబులు తెరిచిన మేం దీని గురించి ఒక్కటీ తెరవలేదు.

ఇక్కడ ఒక నిజం కూడా చెప్పాలి, ఎందుకంటే ఎంత మంచి ఫ్యాన్ పెట్టినా ఇది మారదు. ఫ్యాన్ చల్లబరచదు. బయట 35 ఉంటే లోపల 35 కన్నా తగ్గదు. నీళ్ళు కూడా వేడెక్కుతాయి, వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాములు పట్టేది 30 దగ్గర ఏడున్నరకి వస్తుంది. వేళ్ళు కుళ్ళే రోగాలకి అదే పండగ. అందుకని కొంతమంది ఏసీ గదిలో పెడదాం అంటారు. నాలుగు లెట్యూస్‌ల కోసం గదంతా ఏసీ వేసి, దానికి "సస్టైనబుల్ ఫార్మింగ్" అని టైటిల్ పెట్టడం నాకు నచ్చదు. మన ఎండాకాలానికి తోటకూర ఉంది కదా. తోటకూరది సీ4 రకం కిరణజన్య సంయోగక్రియ, వేడిని లెట్యూస్ కన్నా చాలా బాగా తట్టుకుంటుంది. పోస్టర్ మీద లెట్యూస్ అంత స్టైల్‌గా ఉండదు, నిజమే.

"మేం సీఎస్ వాళ్ళం, మా పని సాఫ్ట్‌వేర్, గాలి సంగతి మెకానికల్ వాళ్ళది" అని మా టీమ్‌లోనే ఒకడు వాదించాడు. వాడి పాయింట్‌లో కొంత న్యాయం ఉంది. నాలుగు నెలల మినీ ప్రాజెక్ట్‌లో అన్నీ నేర్చుకోలేం. కానీ మన కోడ్ ఒక ఫ్యాన్‌ని ఎప్పుడు ఆపాలో నిర్ణయిస్తున్నప్పుడు ఆ ఫ్యాన్ ఏం చేస్తుందో తెలియకుండా ఎలా? మా 32 డిగ్రీల రూల్‌లో సింటాక్స్ ఎర్రర్ లేదు, టెస్ట్ కేసులన్నీ పాస్. మొక్కలు ఫెయిల్. అందుకే రివ్యూ ప్యానెల్‌లో కూర్చునే వాళ్ళకి కూడా నా విన్నపం, ఐవోటీ ప్రాజెక్ట్ అయితే దయచేసి తలుపు తీయించండి. స్క్రీన్‌కి ఇచ్చే మార్కుల్లో సగం లోపల ఉన్నదానికి ఇవ్వండి. మాకు అప్పుడు తక్కువ వచ్చేవి, రావాల్సింది కూడా అంతే.

హాస్టల్ గురించి ఒక్క మాట అనకుండా ఉండలేను. కూర్చున్న మనిషి వదిలే వేడి సుమారు 100 వాట్లు. మా గదిలో నలుగురం. పై లెక్క ప్రకారం గంటకి 400 ఘనపు మీటర్ల గాలి కావాలి. మా వెంటిలేటర్‌కి దోమల కోసం సీనియర్స్ ఎప్పుడో అట్ట కొట్టేశారు, దాని మీద మేం ఎగ్జామ్ టైమ్‌టేబుల్ అంటించాం. దోమల వల కొన్నాక అట్ట పీకేశాం. టైమ్‌టేబుల్ ఇప్పుడు తలుపు మీద ఉంది.

అల్మారాకి కూడా పైన ఒకటి, కింద రెండు రంధ్రాలు కోశాం. రాత్రి ఫ్యాన్ సగం స్పీడ్‌లో తిరుగుతుంది, డ్యాష్‌బోర్డ్‌లో గ్రీన్ రూల్ తీసేసి వీపీడీ గీత పెట్టాను, దాని పేరు "ఉక్క". తోటకూర రెండోసారి కోతకి వచ్చింది. గాలి నిజంగా పోతుందో లేదో చూడటానికి తాతయ్య చెప్పిన పద్ధతి, కింది రంధ్రం దగ్గర అగరుబత్తి పెట్టి పొగ లోపలికి పోయి పైనుంచి వస్తుందో లేదో చూడటం. వారానికోసారి చేస్తున్నాం. మొన్న ల్యాబ్ అసిస్టెంట్ అన్న లోపలికి వచ్చి, వాసన చూసి, "ఇవాళ ఏం పూజ తమ్ముడూ, ప్రసాదం లేదా?" అన్నాడు. ఒక కట్ట తోటకూర చేతిలో పెట్టి పంపించాం.